బందరు ఐసు గదిలో రేడియో మూగబోయింది

ఆగలేక ముందే చెప్పేస్తున్నాను. మా లైటు పాసయిందండీ! నిన్న హైదరాబాదు బస్సులో పక్క సీటు ఆవిడని ఇది చెప్పీ చెప్పీ నిద్రపోనివ్వలేదు. ఆవిడ పాపం నందిగామ దాకా "మంచిదమ్మా, మంచిదమ్మా" అని, ఆ తర్వాత దుప్పటి మొహం మీదికి లాక్కుంది. అందుకే ఇప్పుడు మీ మీద పడ్డాను.

మాది దివిసీమలో కోడూరు అవతల సముద్రం ఒడ్డు పల్లె. నాన్న పడవ మీద వేటకెళ్తాడు, అమ్మ చేపలమ్ముతుంది. మా ఇంట్లోనే కాదు, మా వీధిలోనే కాలేజీ చదువు పూర్తిచేసిన మొదటి మనిషిని నేను. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు. ఇంజనీరు అయ్యానని తెలిశాక, పడవ ఇంజను మొరాయించినప్పుడల్లా మా ఇంటికి కబురొచ్చేది. నాకు రాదని చెప్తే, "మరి నాలుగేళ్ళు ఏం చదివావే?" అని నవ్వేవాళ్ళు.

హైదరాబాదులో మా కంపెనీ చిన్నది. పడవల కోసం బ్యాటరీ మీద వెలిగే ట్యూబ్‌లైటు తయారుచేశాం. సర్క్యూటు నేనే గీశాను. వెలుగు భలే వస్తుంది. మొదటి లైటు నాన్న పడవకే పెట్టించాను. వారం తిరక్కుండా విప్పేసి ఇంటికి తెచ్చేశాడు.

"అమ్మడూ, నీ లైటు వేస్తే రేడియో గర్రుమంటుంది. తుఫాను కబురు వినపడదు. నేను చీకట్లోనైనా వేట చేస్తాను గానీ, చెవులు లేకుండా చెయ్యలేను" అన్నాడు ఫోన్లో. పైగా ఆ లైటు సన్నగా కీ... అంటుందట. తెల్లారేసరికి అందరికీ తలనొప్పి.

ఉప్పెన చూసిన దివిసీమ వాళ్ళకి తుఫాను కబురంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు కదండీ. నాన్నని తప్పు పట్టడానికి లేదు.

జబ్బేంటో నాకు తెలుసు. ఆ సర్క్యూటు సెకనుకి వేలసార్లు కొట్టుకుంటుంది. దాంతో అదే ఒక దొంగ రేడియో స్టేషనై చుట్టూ గోల పంపిస్తుంది. ఆ గోల ఎంతో, ఏ మూల నుంచి వస్తుందో తెలియాలంటే, బయటి గోల అసలు రాని గది కావాలి. చప్పుడూ రాకూడదు, రేడియో తరంగాలూ రాకూడదు. మా కంపెనీకి అటు వెల్డింగు షాపు, ఇటు లేత్ మిషను! బెంగుళూరులో అలాంటి గదులున్న ల్యాబు ఉంది గానీ, మన వంతు రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా మత్స్యకారుల సొసైటీ తరఫున లైట్లు కొనే ఇంజనీరు మూర్తి గారు తేల్చి చెప్పేశారు: గురువారానికి రేడియోని పాడుచెయ్యని లైటు చూపించాలి, లేకపోతే వేరే కంపెనీ చూసుకుంటారు. మా సారు ఆ మాటకి నీరుగారిపోయి, లైటు సంగతే మర్చిపోదాం అన్నారు.

నా నోరు ఊరుకుంటుందా! "సార్, బందరులో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటుంది. ఐసు దాచే గదికి గోడలూ, కప్పూ, నేలా అన్నీ రేకే. రేకు వెనకాల ఊక. తలుపు జానెడు మందం. చిన్నప్పుడు మా అమ్మతో ఐసుకెళ్ళి అందులో దూరితే బయట లారీ హారను కూడా వినపడేది కాదు" అన్నాను.

సారు గోడ మీది క్యాలెండరు వంక చూశారు. "అయితే వెళ్ళు. మూర్తి గారిని అక్కడికే రమ్మంటాను. చూపించేది నువ్వే" అన్నారు.

గుడివాడలో నా ఊక బేరం

పుట్టి పెరిగింది ఇదే జిల్లా అయినా, గుడివాడలో నేను దిగింది ఇదే మొదటిసారి. మా ఒడ్డున ఎవరిని కదిపినా గాలి ఎటుంది, రొయ్య ఎంతుంది అంటారు. గుడివాడలో టీకొట్టు దగ్గర కూడా వడ్ల రేటే. రెండు రూపాయల టీ తాగేలోపు నాకు నాలుగు రకాల ధాన్యం ధరలు తెలిసిపోయాయి. టీ మాత్రం చిక్కగా, హైదరాబాదు ఇరానీ చాయ్‌కి తీసిపోకుండా ఉంది.

ఐసు గది గోడల్లో పాత ఊక కిందికి దిగిపోయి ఉంటుందని కొత్త ఊక కోసం ఒక రైసు మిల్లుకి వెళ్ళాను. అక్కడ మిషన్ల మోతకి మనిషి మనిషితో అరిచే మాట్లాడాలి.

"ఊకెందుకమ్మా? ఇటుక బట్టీ ఉందా?" అని అరిచాడు గుమాస్తా.

"కాదండీ! చప్పుడు ఆపడానికి!" అని నేనూ అరిచాను.

ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "తల్లీ, అదేదో ముందు మా మిల్లుకి చేసిపెట్టు! ఇంటికెళ్ళినా నేను అరుస్తూనే ఉంటానని మా ఆవిడ పుట్టింటికి పోతానంటుంది!"

బస్తాలు ట్రాలీ ఆటోలో బందరు పంపించి, ఆయన చెప్పిన మెస్సులో భోజనానికి కూర్చున్నాను. పదిహేను రూపాయలకి అన్నం అడిగినంత. ముద్దపప్పు, దాని మీద గరిటెడు నెయ్యి, దోసావకాయ, గోంగూర. మా ఇళ్ళల్లో ఏ పూటైనా భోజనం చేపల పులుసుతోనే మొదలు. అలవాటుగా "పులుసేమీ లేదా అండీ?" అంటే వడ్డించే పెద్దాయన ఉత్సాహంగా గుమ్మడికాయ పులుసు తెచ్చి పోశాడు. తీపి! నేను గుటకేసిన మొహం చూసి, "మీది ఒడ్డు కదా?" అని నవ్వాడు. ఎలా కనిపెట్టాడో మరి.

తర్వాత రేకు డబ్బాలు చేసే కొట్టుకెళ్ళాను. గరాటాలు, నెయ్యి డబ్బాలు, కిరసనాయిలు కొలతలు వేలాడుతున్నాయి. కొట్టతను నా కాగితం మీది బొమ్మ తిప్పి తిప్పి చూశాడు.

"మూత ఏదమ్మా?"

"మూత ఉండకూడదండీ. సర్క్యూటు లోపల పెట్టి అన్ని వైపులా అతికెయ్యాలి. సూదంత సందు కూడా ఉండకూడదు."

"లోపల పెట్టింది పాడైతే?"

"పాడవ్వదు."

"అబ్బో! అంత నమ్మకమే!" అన్నాడు. అన్నాడు గానీ, నేను తర్వాత అతికించుకునే ఒక్క వైపు వదిలేసి, నాలుగు డబ్బాలూ నీళ్ళలో బోర్లించి ముంచి, ఒక్క బుడగ కూడా రావట్లేదని నాకు చూపించి మరీ ఇచ్చాడు. రాగి జాలీ చుట్ట కూడా గుడివాడలోనే దొరికింది. తలుపు అంచుల్లో వేస్తే రేకూ రేకూ సందు లేకుండా కలుస్తాయని నా ఆలోచన.

బందరు ప్యాసింజరు

ఆ జాలీ చుట్ట ఒళ్ళో పెట్టుకుని రైలెక్కాను. ఎదురు సీటులో ఒక మామ్మ గారు దాన్ని వేలితో గిల్లి, "జల్లెడకా?" అన్నారు.

"గదికండీ. రేడియో వినపడకుండా చేసే గది."

"రేడియో వినపడకూడదంటే కట్టేస్తే సరిపోతుంది కదటే? దానికి గది కట్టాలా?"

పెట్టెలో అందరూ నవ్వారు. నేను ఒదల్లేదు. లైటు సంగతి, పడవ సంగతి మొత్తం చెప్పాను. పెడన వచ్చేసరికి మామ్మ గారు పక్కవాళ్ళకి నాకంటే బాగా వివరిస్తున్నారు: "లైటు గోల చేస్తుందర్రా. మనకి వినపడదు, రేడియోకి వినపడుతుంది. ఈ పిల్ల దాని నోరు మూయిస్తుంది." దిగేటప్పుడు నా చేతిలో రెండు జామకాయలు పెట్టి, "మూయించి రా" అన్నారు.

బందరు, ఐసు గది

ఐసు ఫ్యాక్టరీ రంగారావు గారిది. మా అమ్మకి ఏళ్ళ తరబడి ఐసు అమ్మిన మనిషి. బాబాయి గారూ అంటాను నేను. ఫ్యాక్టరీ మూసేసినా రోజూ పొద్దున్నే తాళం తీసి, ఊడ్చి, సాయంత్రం దాకా అక్కడే కూర్చుంటారు. గది అడిగితే, "ఐసు లేని గదితో ఏం చేస్తావే?" అన్నారు గానీ, ఆయన మొహం వెలిగిపోయింది. పనేదో మొదలవుతుంది కదా!

ఇద్దరు కూలీలని పెట్టుకుని గోడల్లో ఊక నింపించాను. జుట్టులో ఊక, జాకెట్లో ఊక, ఒళ్ళంతా దురద. తలుపు చుట్టూ రాగి జాలీ కొట్టించాను. లోపల మాట గణగణమని తిరగకుండా గోడలకి బొంతలు వేలాడదియ్యాలి. బందరులో మా పిన్ని ఉంది, నా బస వాళ్ళింట్లోనే. పిన్ని వీధి మొత్తం తిరిగి బొంతలు పోగేసుకొచ్చింది. ఒకావిడ ఇస్తూ ఇస్తూ, "చేపల కంపు పట్టిందో, ఉతికించి ఇవ్వాలి మరి" అంది. "నీ బొంతకి కొత్తగా పట్టేదేముందిలే!" అంది పిన్ని. ఆ ఇద్దరినీ విడదీసేసరికి మధ్యాహ్నం దాటింది.

సరే, పరీక్ష. ఇది చాలా తేలికండీ, మీరూ చెయ్యొచ్చు. విజయవాడ స్టేషను పెట్టిన ట్రాన్సిస్టరు పట్టుకుని లోపలికెళ్ళి తలుపు మూసుకోవాలి. గది సరిగ్గా ఉంటే స్టేషను మాయమైపోవాలి.

తలుపు మూశాం. బయటి చప్పుడు టక్కున ఆగిపోయింది. కూలీల మాటలు, రోడ్డు మీద రిక్షా బెల్లు, ఏమీ లేవు. నా గుండె నాకే వినపడింది. కానీ రేడియోలో వ్యవసాయదారుల కార్యక్రమం గలగలా వస్తూనే ఉంది! వరికి ఎండాకు తెగులట.

మంగళవారం సాయంత్రమైంది. గురువారం పొద్దున్నే మూర్తి గారు. తలుపు జాలీ విప్పి మళ్ళీ కొట్టించాను. వచ్చింది. రేకు అతుకులన్నీ టంకం పెట్టించాను. అయినా వచ్చింది. రాత్రి పిన్ని వేసిన వేడి వేడి చేపల వేపుడు కూడా సహించలేదు నాకు. నా నోటి మాట నమ్మి సారు పంపించారు. పల్లెలో నాన్న, విప్పేసిన లైటుకి బదులు కిరసనాయిలు లాంతరు పెట్టుకుని తిరుగుతున్నాడు. లైటు మానేస్తే ఆ లాంతరే ఇంక.

స్వామివారి బల్బు

బుధవారం పొద్దున రేడియో చెవికి ఆనించుకుని గోడల వెంబడి మూలమూలా తిరిగాను. ఒక మూలకొచ్చేసరికి పాట గట్టిగా వినపడింది. ఇంకో అడుగు వేస్తే ఇంకా గట్టిగా. తలెత్తి చూస్తే వెంకటేశ్వరస్వామి పటం, దాని మీద ఎర్రటి జీరో బల్బు!

మా వైపు ఫ్యాక్టరీ అన్నాక పటం ఉండాల్సిందే, పటానికి బల్బు ఉండాల్సిందే. అది ఎంత మామూలంటే, రెండ్రోజులుగా దాని కిందే పనిచేస్తూ నేను గానీ, కూలీలు గానీ దాన్ని చూసిన పాపాన పోలేదు. పైగా లోపలికొచ్చిన ప్రతిసారీ చెప్పులు విడిచి, దండం పెట్టుకుంటున్నాం కూడా! బల్బు వైరు రేకులోంచి బొక్క పెట్టుకుని బయటికి పోతోంది. బయట గాల్లో ఉన్న రేడియో తరంగాలు ఆ వైరు పట్టుకుని దర్జాగా లోపలికొస్తున్నాయి.

"బాబాయి గారూ, ఈ బల్బు తీసెయ్యాలండీ."

ఆయన కుర్చీలోంచి లేచారు. "ఏంటీ? మా నాన్న గారు ఫ్యాక్టరీ పెట్టిన రోజు వెలిగించిన బల్బే అది! ఫ్యాక్టరీ ఆగింది గానీ అది ఆగలేదు. కరెంటు బిల్లు కట్టేదే దాని కోసం!"

"ఒక్కసారి స్విచ్చి ఆపి చూద్దామండీ, ఒకే ఒక్క నిమిషం."

ఆయన లెంపలేసుకుని ఆపారు. రేడియో చక్కగా పాడుతూనే ఉంది. "చూశావా! స్వామి తప్పేమీ లేదు!" అని వెంటనే మళ్ళీ స్విచ్చి వేసేశారు.

"స్వామి తప్పు కాదు బాబాయి గారూ, వైరు తప్పు. ఆర్పినా వైరు వైరే కదా. అది గోడ దాటకూడదు."

"పటం దగ్గర దీపం లేకుండా నా గదిలో ఏ పనీ జరగదు. నీ ఇష్టం" అని మొహం తిప్పేసుకున్నారు.

ఆయన కాదంటే అంతా అయిపోయినట్టే. అక్కడే నేల మీద కూలబడ్డాను. అప్పుడు తట్టింది.

"బాబాయి గారూ, మా నాన్న పడవలో గంగమ్మ పటం ఉంది. సముద్రంలో కరెంటు ఎక్కణ్ణించి వస్తుందండీ? టార్చిలైటు బల్బూ, రెండు సెల్లులూ. గంగమ్మ ఏమీ అనుకోలేదు."

"పడవలో దేవుడు వేరు, ఫ్యాక్టరీలో దేవుడు వేరు."

"ఇద్దరూ మనల్ని కాపాడేవాళ్ళే కదండీ. వైరు గోడ దాటదు, దీపం మాత్రం ఆగదు."

ఆయన పటం అద్దం మీది దుమ్ము కండువాతో తుడిచారు. చివరికి, "సెల్లులు అయిపోకముందే మార్చాలి. ఆ బాధ్యత నీది. హైదరాబాదు పోయినా నీదే" అన్నారు.

ముందు సెల్లుల బల్బు వెలిగించి, ఆ తర్వాతే పాత వైరు లాగాం. ఆ క్రమం ఆయనదే. బొక్క మీద రేకు ముక్క వేసి టంకం పెట్టించాను. తలుపు మూశాం. రేడియో గొంతు పిసికినట్టు టప్పున ఆగిపోయింది. ఫుల్లు సౌండు పెట్టినా చిన్న బుస తప్ప ఏమీ లేదు. నేను అరిచిన అరుపు బయట ఎవరికీ వినపడలేదనుకోండి! బాబాయి గారు తలుపు తీసేసరికి నేను గెంతుతున్నాను.

ఆ గదిలో ఇంక మా లైటు ఒక్కటే దొంగ. హైదరాబాదు నుంచి తెచ్చుకున్న మీటరు పెట్టి చూస్తే దాని గోల ఎక్కణ్ణించి వస్తుందో వేలెత్తి చూపించినట్టు తెలిసింది. సర్క్యూటుని గుడివాడ డబ్బాలో పెట్టి అతికించాను. బయటికొచ్చే వైర్లకి ఇనుప పొడితో చేసే నల్లటి రింగులు తొడిగాను. సర్క్యూటులో కీ మనే రాగితీగ చుట్టకి వార్నిష్ పోసి బిగించాను. సాయంత్రానికి మీటరు ముల్లు పడుకుంది.

లోపల మూర్తి గారూ నేనూ

గురువారం మూర్తి గారొచ్చారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ముక్కుకి రుమాలు. బొంతలు చూసి, "ఇది ల్యాబా, పురిటి గదా?" అన్నారు. నేను నవ్వి లోపలికి తీసుకెళ్ళాను. ఆ తలుపుకి గడియ బయటి వైపే ఉంటుంది. మధ్యలో తలుపు తీస్తే కొలత పాడవుతుందని బాబాయి గారికి గట్టిగా చెప్పాను: "నేను లోపల్నుంచి తలుపు కొట్టేదాకా తియ్యకండి."

మూర్తి గారు లైటు వేసి, ఆర్పి, రేడియో దగ్గర పెట్టి, దూరం పెట్టి, అన్ని రకాలుగా చూశారు. ముల్లు లేవలేదు. కీ మనే సణుగుడు లేదు. ఆయన మొహంలో ఏమీ తెలియదు. "సరే, పదమ్మా" అన్నారు.

తలుపు కొట్టాను. ఎవరూ తియ్యలేదు. గట్టిగా కొట్టాను. ఆయనా కొట్టారు. అప్పుడు వెలిగిందండీ నాకు! జానెడు మందం తలుపు, కొత్త ఊక, బొంతలు... కొడితే వినపడకుండా కట్టిందే నేను!

"రంగారావు గారూ!" అని మూర్తి గారు కేక పెట్టారు. నేనూ పెట్టాను. ఇద్దరం కలిసి పెట్టాం. బొంతలు మింగేశాయి. ఆయన చొక్కా తడిసిపోయింది. "అమ్మాయ్, గాలి కూడా రాకుండా కట్టావా ఏంటి?" అన్నారు. పెద్ద గది, భయం లేదని చెప్పి మళ్ళీ తలుపు బాదాను. ఎర్ర బల్బు కింద స్వామి వైపు ఇద్దరం ఒకేసారి చూశాం.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. బాబాయి గారు చేతిలో టీ గ్లాసులతో నిలబడ్డారు. "టీ చల్లారిపోతుందని తీశాను. మీరు కొట్టలేదుగా మరి!"

మూర్తి గారు గుమ్మంలోనే కూర్చుండిపోయి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు. "నా పెళ్ళిలో బ్యాండు మేళం వాళ్ళ మీద కూడా ఇంత గట్టిగా అరవలేదమ్మా. గది పాసు!" అన్నారు.

"లైటో సార్?"

టీ తాగి గ్లాసు కింద పెట్టారు. "మీటరు ఒప్పుకుంది. కానీ వాడేది మీటరు కాదుగా. మొదటి లైటు విప్పేసింది మీ నాన్న గారేనట కదా. ఆయన ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటాను."

కోడూరు, అక్కణ్ణించి ఒడ్డుకి

చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా బస్సులో వెళ్ళాం. దారంతా మూర్తి గారు ముంజలు తిన్నారు. నేను లైటు ఒళ్ళోంచి దించలేదు. మా నాన్న సంగతి నాకు తెలుసు. కూతురని మెచ్చుకునే మనిషి కాదు. వల బాగాలేకపోతే సొంత తమ్ముడు అల్లినా విసిరి కొడతాడు.

మొగ దగ్గర, అంటే పాయ సముద్రంలో కలిసే చోట, పడవ సిద్ధం చేస్తున్నాడు. లైటు చూసి, "మళ్ళీ తెచ్చావా?" అన్నాడు. పక్క పడవలో మా రాములు మావయ్య, "అల్లుడు కట్నం కింద ఇచ్చినా ఆ లైటు తీసుకోడు" అని వేళాకోళం.

నాన్న లైటు బిగించి వేశాడు. రేడియో పక్కన కూడా కాదు, సరిగ్గా లైటు మీదే పెట్టి, స్టేషను తిప్పాడు. వార్తలు. ఒక్క గర్రు లేదు. మావయ్య నవ్వు ఆగింది. నాన్న మాత్రం "ఊఁ" అన్నాడు. అంతే. "వేట నుంచి వచ్చాక చెప్తా" అని పొద్దు వాలుతుండగా పడవ తోసుకుని వెళ్ళిపోయాడు. చాలాసేపు నీళ్ళ మీద ఆ తెల్లటి వెలుగూ, దాంతోపాటే సన్నగా ఒక పాత పాటా వినపడుతూ పోయాయి.

తెల్లారి పడవ వచ్చేసరికి మూర్తి గారూ, నేనూ, సగం పల్లే ఒడ్డునే ఉన్నాం. నాన్న చేపలు దించాడు. వల దించాడు. ఇంజను మీద గుడ్డ కప్పాడు. మా వైపు చూడనే లేదు. మూర్తి గారే పడవలోకి చెయ్యి చాపి, "ఏవండీ, లైటు విప్పిస్తే ఆఫీసుకి నమూనాగా పట్టుకెళ్తాను" అన్నారు.

నాన్న ఆ చేతికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇంకోటి చేయించుకోండి సారూ. దీని మీద చెయ్యి వేస్తే ఊరుకోను" అన్నాడు.